అమ్మకి గుదికాలి (మడమ) నొప్పి, తిరుమల కొండకి నడిచి వస్తానని మొక్కుంది. ఏడు వారాల్లో ఏం చేయొచ్చు?

కొర్లగుంట_కుర్రోడు అడిగినది:

అమ్మకి 54 ఏళ్ళు, బరువు 72 కిలోలు. కుడికాలి గుదికాలు మూడు నెల్లుగా నొప్పి. పొద్దున మంచం దిగి కాలు కింద పెట్టంగానే మేకు దిగినట్టు ఉంటాదంట. పది పదిహైదు అడుగులు కుంటుకుంటా వేస్తే తగ్గతాది. మళ్ళీ పొయ్యికాడ గంట నిలబడితే మొదలు. ఇంట్లో అంతా మార్బుల్ బండలే, లోపల చెప్పులు వేసుకోదు. ఎక్స్‌రే తీసి "ఎముక పెరిగింది" అన్నారు, సూది వేయించుకోమన్నారు. షుగర్ లేదు, బీపీకి మాత్ర వేసుకుంటుంది.

ఏడు వారాల్లో అలిపిరి నుంచి నడిచి పోవాలి, ప్రతి మెట్టుకీ పసుపు కుంకుమ పెడతానని మొక్కు. అడిగేది ఇది: పెరిగిన ఎముక తీయించకుండా నొప్పి పోతాదా? సూది వేయించాలా వద్దా? నడిచేది ఎట్లా మానదు కాబట్టి, వట్టికాళ్ళతో ఎక్కేదానికి ఏం జాగ్రత్తలు? ఇటికె వేడి చేసి జిల్లేడాకు పరిచి తొక్కమని పక్కింటి అవ్వ చెప్తా ఉంది, చేయొచ్చా?

పిక్కా_పాదం రాసినది:

మీరు చెప్పిన లక్షణాలన్నీ అరికాలి పట్టీ నొప్పివే. డాక్టర్ల చీటీలో ప్లాంటార్ ఫేషియైటిస్ అని ఉంటుంది. మడమ ఎముక అడుగున పుట్టి, వేళ్ళ మొదళ్ళ దాకా విసనకర్రలా పరుచుకునే గట్టి పట్టీ అది. రాత్రంతా పాదం కిందికి వాలి ఉంటుంది, పట్టీ ముడుచుకునే ఉంటుంది. పొద్దున మొదటి అడుగుతో ఒంటి బరువంతా పడి అది ఒక్కసారిగా సాగుతుంది. ఆ మేకు దిగినట్టుండే పోటు అదే.

కానీ రాతలో చూసి తేల్చేయకూడదు, చేత్తో చూడండి. అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి పాదం మీ ఒళ్ళోకి తీసుకోండి. మడమ మెత్త సరిగ్గా మధ్యలో కాకుండా, దానికి ముందు అంచున, బొటనవేలి వైపు, మీ బొటనవేలితో గట్టిగా నొక్కండి. "అబ్బా, అక్కడే" అన్నారంటే పట్టీ నొప్పే. నట్టనడుమ నొక్కితేనే నొప్పి, మొదటి అడుగుకన్నా బండ మీద ఎక్కువసేపు నిలబడితేనే ఎక్కువ అంటే మడమ కింది కొవ్వుమెత్త పలచబడిందేమో చూడాలి. దానికి మెత్తటి చెప్పులే మందు, సాగదీసే వ్యాయామాలు పెద్దగా పనిచేయవు. మడమ వెనక, పిక్క కండరపు తాడు ఎముకకి అతుక్కునే చోట నొప్పి అయితే వ్యవహారం వేరు. రెండు అరచేతుల మధ్య మడమని పక్కలనుంచి పట్టి నొక్కితే ఓర్చుకోలేని నొప్పి వస్తే ఎముకలో సన్న పగులు ఉండొచ్చు. అప్పుడు వ్యాయామం, నడక రెండూ ఆపి డాక్టరుకి చూపించాల్సిందే. మొదట్లో ఆ పగులు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు కూడా. మంట, తిమ్మిరి, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే నరం సంగతి. రెండు మడమలూ నొప్పి, పొద్దున నడుం అరగంటకు పైగా పట్టేసినట్టు ఉండడం కలిసి వస్తే కీళ్ళవాతం డాక్టరు చూడాలి.

ఇక "పెరిగిన ఎముక". ఎక్స్‌రేలో ముల్లులా కనబడేది నొప్పి లేని మడమల్లో కూడా బోలెడుమందికి ఉంటుంది. నొప్పి పోయినవాళ్ళకి మళ్ళీ ఎక్స్‌రే తీసినా ఆ ముల్లు అక్కడే ఉంటుంది. అది గుచ్చుకుని నొప్పి పుడుతోందనుకోవడం ఎక్స్‌రే చూడగానే కలిగే భ్రమ. దాన్ని తీయించే ఆలోచన పక్కన పెట్టేయండి.

సూది మీద నా అభిప్రాయం: ఇప్పుడు వద్దు. స్టెరాయిడ్ సూది కొన్ని వారాలు హాయిగానే ఉంచుతుంది, తర్వాత ఆ లాభం కరిగిపోతుంది. అరుదుగా పట్టీ తెగడం, మడమ మెత్త పలచబడడం కూడా జరుగుతాయి. మీ విషయంలో ఇంకో చిక్కుంది. నొప్పి తెలియకుండా చేసి వెంటనే వేల మెట్లు ఎక్కిస్తే, పట్టీ తెగే అవకాశం సరిగ్గా ఆ సమయంలోనే ఎక్కువ. నెలల తరబడి మిగతావన్నీ చేసినా తగ్గనప్పుడు ఆలోచించాల్సిన పని అది.

చేయాల్సినవి రెండే రెండు, కానీ సరిగ్గా చేయాలి.

మొదటిది పట్టీని సాగదీయడం. మంచం దిగకముందే, కాలు నేలకి తగలకముందే చేయాలి. నొప్పి ఉన్న కాలుని ఎడమ మోకాలి మీద వేసుకుని, కుడిచేత్తో వేళ్ళ మొదళ్ళ దగ్గర పట్టుకుని మోకాలి వైపుకి వెనక్కి వంచాలి. ఎడమచేతి బొటనవేలితో అరికాలిని తడిమితే పట్టీ తంబూరా తీగలా బిగుసుకుని తగలాలి. తగల్లేదంటే పట్టు తప్పు. చాలామంది వేళ్ళ కొనలు పట్టి లాగుతారు, అప్పుడు వేళ్ళ కణుపులే వంగుతాయి గానీ పట్టీ కదలదు. అలా పది లెక్కపెట్టేదాకా ఉంచి వదలాలి, పదిసార్లు. రోజుకి మూడు పూటలు, అందులో పొద్దుటిది మానకూడదు. ఎక్కువసేపు కూర్చుని లేచేముందు కూడా చేస్తే మంచిది.

దీనికి తోడు పిక్క. గోడకి రెండు చేతులూ ఆనించి, కుడికాలు వెనక్కి పెట్టి, మోకాలు తిన్నగా, మడమ నేలకి అంటి ఉండగా ముందుకు వాలాలి. 30 సెకన్లు, మూడుసార్లు. తర్వాత అదే కాలు మోకాలు కాస్త వంచి మళ్ళీ మూడుసార్లు. ఇక్కడ జరిగే తప్పు ఒకటే, వెనక పాదం బయటికి తిరిగిపోతుంది. వేళ్ళు గోడకేసి సూటిగా చూడాలి.

రెండోది, అసలైనది, పట్టీకి బలం పెంచడం. పాత తువ్వాలు గట్టిగా చుట్టి మెట్టు అంచున పెట్టండి. వేళ్ళు ఆ చుట్ట మీద పైకి వంగి ఉండాలి, మడమ మెట్టు బయట ఉండాలి. గోడో రెయిలింగో పట్టుకుని మూడు లెక్కలో మడమ పైకి, రెండు లెక్కలు అక్కడే, మూడు లెక్కలో కిందికి. ఒంటికాలితో చేయాల్సినది ఇది. అమ్మగారి వయసుకి, బరువుకి మొదటి పది రోజులు రెండు కాళ్ళతోనే మొదలుపెట్టండి. పన్నెండుసార్లు, మూడు విడతలు, రోజు మార్చి రోజు. రోజూ చేస్తే పట్టీ కోలుకోవడానికి వ్యవధి ఉండదు. పన్నెండూ తేలిగ్గా అయిపోతుంటే ఒంటికాలికి మారండి. అదీ తేలికైతే భుజాన సంచిలో రెండు మూడు కిలోల బియ్యం వేసుకుని ఎనిమిది పదిసార్లకి తగ్గించండి. గబగబా చేస్తే ఫలితం సున్నా.

నొప్పిని ఎలా కొలవాలంటే, పదికి మూడు నాలుగు దాటకూడదు, మర్నాడు పొద్దుటి మొదటి అడుగు నిన్నటికన్నా ఎక్కువ నొప్పి పెట్టకూడదు. పెట్టిందంటే నిన్న చేసినది ఎక్కువైంది, సగానికి దించండి. రోజులో మరే నొప్పికన్నా ఆ మొదటి అడుగే నమ్మకమైన లెక్క. గోడ మీద కేలండరులో పదికి ఎంతో రోజూ రాసిపెట్టండి.

ఏడు వారాల్లో ఇది పూర్తిగా పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. బలం పెరిగిన తేడా మూడో నెలకి గానీ బాగా కనబడదు. ఎక్కువమందికి ఏడాదిలోపు ఆపరేషన్ లేకుండానే తగ్గిపోతుంది. ఏడు వారాల్లో మెట్లెక్కే స్థితికి తేవచ్చు, అంతవరకు మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు.

తోలుపని_చిత్తూరు రాసినది:

వ్యాయామం సంగతి పై ఆయన చెప్పినాడు. మార్బుల్ బండల సంగతి నేను చెప్తా. పొద్దున్నుంచి రాత్రిదాకా వట్టికాళ్ళతో బండల మీద తిరగతా, రోజుకి మూడుసార్లు కాలు సాగదీస్తే ఏం లాభం? మంచం పక్కనే చెప్పులుండల్ల. కాలు దించితే చెప్పులోకే దించల్ల. ఇంట్లో చెప్పులేంది అనేవాళ్ళకి ఒక జత లోపలికే అని వేరుగా పెట్టేయండి, బయటికి తొడగకుండా.

ఏ చెప్పులు? పట్టీల హవాయి చెప్పులు వద్దు. అవి చదునుగా ఉంటాయి, జారిపోకుండా వేళ్ళతో బిగించి పట్టుకోవాల, నడిచినంతసేపూ అరికాలు పని చేస్తానే ఉంటాది. మీకు కావలసింది ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు. అంగట్లో "షుగర్ చెప్పులు" అని అడిగితే ఇస్తారు. ఈ రబ్బరు మనకి కొత్తది కాదు, కుష్ఠుతో స్పర్శ పోయిన కాళ్ళకోసం పక్కనే వేలూరు, కరిగిరి ఆస్పత్రుల్లో వాడి వాడి పేరు తెచ్చుకున్నదే. షుగర్ లేనివాళ్ళూ వేసుకోవచ్చు.

పేరు రాసి ఉన్నంత మాత్రాన ఎంసీఆర్ కాదు. బొటనవేలితో మడమ చోట గట్టిగా నొక్కి వదలండి. గుంత పడి వెంటనే పైకి లేస్తే అసలుది. నొక్కినా దిగకపోతే మామూలు రబ్బరు. దిగి, లేవకుండా అట్లే ఉండిపోతే స్పాంజి, అది నెలకే అప్పడమైపోతాది. మెత్త మందం 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఉండల్ల. దాని కింద అడుగు మాత్రం గట్టిది ఉండల్ల. చెప్పు రెండు కొనలూ పట్టి తడిగుడ్డ పిండినట్టు మెలిదిప్పండి, మెలి తిరిగిందంటే పెట్టేసి రండి. వంచి చూస్తే వేళ్ళ మొదళ్ళ కాడే వంగల్ల, నడుమ వంగకూడదు. వెనక పట్టీ ఉండేది కొనండి. మడమ ముందుకన్నా ఒక సెంటీమీటరు ఎత్తుంటే పిక్క మీద లాగుడు తగ్గతాది, నొప్పి ఎక్కువున్న నెలా రెండు నెలలకి అది మేలు.

కొనేది సాయంత్రం పూట. పొద్దుటికీ సాయంత్రానికీ కాలు ఉబ్బుతాది, పొద్దున సరిపోయింది రాత్రికి బిగువు. రెండు కాళ్ళూ కొలిపించండి, పెద్దకాలి కొలతకే తీసుకోండి.

సిలికాన్ మడమ మెత్తలు దొరకతాయి. ఒక కాలికే పెడితే ఆ కాలు ఎత్తయి నడుం పట్టుకుంటాది, రెండు కాళ్ళకీ పెట్టల్ల. నడుమ నీలం చుక్క ఉండే రకం కొంటే ఆ మెత్తటి చుక్క నొప్పి పుట్టే చోటికే సరిపోతాదా లేదా చూసుకోండి. అమ్మది పట్టీ నొప్పే అయితే అది లోపలివైపు ముందు అంచున ఉంటాది, ఆ చుక్కేమో నట్టనడుమ. చాలామంది డబ్బులు అక్కడే పోగొట్టుకుంటారు. దానికన్నా పాదం గుంతకి ఆనే కమాను ఉన్న అట్ట మేలు, చెప్పులు కుట్టేవాళ్ళతో ఎంసీఆర్ ముక్క చెక్కించి లోపల అంటించుకోవచ్చు. 3 మిల్లీమీటర్లతో మొదలుపెట్టి వారానికి కొంచెం పెంచండి. మొదటిరోజే ఎత్తు కమాను పెడితే అరికాలు కమిలినట్టయి చెప్పులే విసిరేస్తారు.

మెట్లదారి_మాట రాసినది:

నడక గురించి. అలిపిరి దారి 3550 మెట్లు, దాదాపు 9 కిలోమీటర్లు. ఇంకో నడకదారి శ్రీవారి మెట్టు 2388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిల్లర. మడమ నొప్పికి మెట్ల లెక్క ఒకటే చూడకూడదు, బండ మీద వట్టికాలు ఎన్ని గంటలు ఆనుతుందో చూడాలి. అలిపిరిలో గాలిగోపురం దాకా అసలైన ఎక్కుడు, ఆ తర్వాత చదును ఎక్కువ, చివర మోకాళ్ళ మెట్టు మళ్ళీ నిటారు. శ్రీవారి మెట్టులో వరుసగా ఎక్కుతూనే ఉండాలి గానీ త్వరగా తెములుతుంది. గుండె, మోకాళ్ళు బాగుంటే ఈ నొప్పికి శ్రీవారి మెట్టే నయం. మొక్కులో అలిపిరి అని అనుకునే ఉంటే అలిపిరే. అది మీ ఇంటి సంగతి.

మెట్టు ఎక్కే పద్ధతిలోనే సగం ఉంది. పాదం ముందు సగమే మెట్టు మీద వేసి మడమ గాల్లో ఉంచి ఎక్కేవాళ్ళకి ప్రతి మెట్టుకీ పట్టీ సాగుతుంది. అక్కడి మెట్లు చాలాచోట్ల వెడల్పు, పాదం మొత్తం పడుతుంది. మడమతో సహా పెట్టి, తొడ బలంతో లేవాలి. రద్దీ లేని పక్కన కమ్మీ పట్టుకుని ఎక్కండి.

ఇక పసుపు కుంకుమ. ప్రతి మెట్టుకీ గొంతుక్కూచుంటే మడమ లేచి వేళ్ళు పూర్తిగా వెనక్కి వంగుతాయి. పైన సాగదీత అని చెప్పారే, సరిగ్గా ఆ భంగిమే, కానీ ఒంటి బరువంతా దాని మీద, వేలసార్లు. ఈ మొక్కులో ప్రమాదం నడకకన్నా ఇక్కడే ఎక్కువ. దీనికి ఉపాయం ఉంది. నిలబడ్డ మెట్టుకి పెట్టకండి. ముందున్న మూడో నాలుగో మెట్టు దాదాపు మోకాలి ఎత్తుకి వస్తుంది, దానికి పెట్టుకుంటూ పోతే నడుం కొంచెం వంగితే చాలు. మొదటి మూడు మెట్లకి కిందనుంచే పెట్టేస్తే ఏ మెట్టూ తప్పిపోదు. పళ్ళెం మీరు పట్టుకోండి, ఆమె చేతులు ఖాళీగా ఉండాలి. పసుపు గట్టిగా కలపండి, పలచనైతే మెట్టు మీద కారి వెనక వచ్చేవాళ్ళు జారతారు. కర్పూరం వెలిగించిన చోట, నూనె కారిన చోట అడుగు వేయకండి. మోకాళ్ళ మెట్టు మోకాళ్ళ మీద ఎక్కే ఆలోచన ఉంటే మానిపించండి. అందులో వేళ్ళు పూర్తిగా మడిచి తోసుకుంటూ పోవాలి.

వట్టికాళ్ళకి ప్లాస్టరు చుట్టుకోవచ్చు, చెప్పులు లేనప్పుడు పాదానికి దన్ను అదొక్కటే. మందుల షాపులో సాగని జింక్ ఆక్సైడ్ ప్లాస్టరు, ఒకటిన్నర అంగుళం వెడల్పుది అడగండి. సాగే రకం పనికిరాదు. పాదం కడిగి, పూర్తిగా ఆరబెట్టి, నూనె, క్రీము లేకుండా చూసుకోండి. మంచం అంచున పాదం వేలాడేలా కూర్చోబెట్టి, చీలమండ నిటారుగా తొంభై డిగ్రీల్లో, వేళ్ళు వదులుగా. మొదటి ప్లాస్టరు పట్టీ చిటికెనవేలి మొదలు వెనక, పాదం బయటి అంచున మొదలై, మడమ వెనకనుంచి చుట్టి, బొటనవేలి మొదలు వెనక లోపలి అంచున ఆగాలి. వెనకవైపు మరీ పైకి పోతే పిక్క తాడుని కోస్తుంది, మడమ బొడిపె మీదే ఉంచండి. తర్వాత అడ్డ పట్టీలు. మడమ మెత్త ముందు మొదలుపెట్టి, బయటి అంచునుంచి అరికాలి మీదుగా లోపలి అంచుకి కాస్త పైకి లాగుతూ అంటించాలి. ఒకదాని మీద ఇంకొకటి సగం ఎక్కేలా నాలుగైదు. చివర మొదటి పట్టీ లాంటిదే మరొకటి వేస్తే అన్నీ కదలకుండా ఉంటాయి.

ఇందులో ఎప్పుడూ జరిగే పొరపాటు, పాదం ముడుచుకుని ఉండగా చుట్టడం. లేచి నిలబడగానే పాదం వెడల్పవుతుంది, బయటి అంచు కోసుకుపోతుంది. చుట్టాక నిలబెట్టి అడగండి, చిటికెనవేలి వైపు బిగువుందంటే విప్పి మళ్ళీ వేయండి. గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. దద్దురు వస్తుందో లేదో తెలియడానికి పది రోజుల ముందే ఇంట్లో ఒక పూట వేసి చూడండి. కొండ మీద మొదటిసారి ప్రయోగం చేయకండి. ప్లాస్టరు మీద, అడుగున రబ్బరు చుక్కలున్న మేజోళ్ళు వేస్తే ప్లాస్టరు అరగదు. మామూలు నైలాన్ మేజోళ్ళు బండ మీద జారతాయి. తడి ఉన్నచోట ఏ మేజోళ్ళైనా తీసేయాలి.

ఎక్కడమే చూసుకుంటున్నారు గానీ, పైకి చేరాక క్యూలో బండల మీద నిలబడే గంటలు మెట్లకన్నా ఎక్కువ నొప్పి పుట్టిస్తాయి. కంపార్ట్‌మెంటులోకి వెళ్ళగానే కూర్చోవాలి. లేచేముందు అదే వేళ్ళ సాగదీత పదిసార్లు. సామాను కిందే ఇచ్చేస్తే పైకి చేరుస్తారు, భుజాన బరువు లేకుండా నడవండి. చెప్పులు మాత్రం ఆ సంచిలో పైనే పెట్టండి, చేరగానే తొడుక్కునేటట్టు. దిగడం బస్సులో.

నర్సమ్మ_మదనపల్లె రాసినది:

జిల్లేడాకు సంగతి ఎవరూ ఎత్తలేదు. వేడికి నొప్పి కాసేపు తగ్గేది నిజమే. ఆ మేలు ఇటికెది, ఆకుది కాదు. జిల్లేడు పాలు చర్మాన్ని పొక్కిస్తాయి, ఆ చేత్తో కన్ను నులుముకుంటే కన్నుకి చాలా ప్రమాదం. ఇటికె వేడి ఎంతో చేత్తో పట్టి చూసేవాళ్ళు తక్కువ, అరికాలు మందం కాబట్టి కాలిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. అవ్వకి ఎదురు చెప్పకుండా ఉండాలంటే తొట్టిలో గోరువెచ్చని నీళ్ళు పోసి పది నిమిషాలు పెట్టించండి, మోచేత్తో చూసి. సాయంత్రం నిలబడి నిలబడి సలుపుతుంటే చల్లదనం మేలు. అరలీటరు నీళ్ళ సీసా ముప్పాతిక నింపి గడ్డకట్టించండి. నిండా పోస్తే పగులుతుంది. పలచటి గుడ్డ చుట్టి అరికాలి కింద పది నిమిషాలు దొర్లించాలి.

ఈ పేజీ షుగర్ ఉన్నవాళ్ళూ చదువుతారు కాబట్టి చెప్తున్నాను. పాదం తిమ్మిరి ఉన్నా, స్పర్శ తెలియకపోయినా, పైన రాసిన వేడీ, ఐసూ, ప్లాస్టరూ ఏదీ మీకు కాదు. వట్టికాళ్ళతో మెట్లూ కాదు. కప్పు లేనిచోట ఎండకి కాగిన రాయి బొబ్బ లేపితే మీకు తెలియదు, రెండు రోజుల తర్వాత మేజోడుకి తడి కనబడితే గానీ. మొక్కు ఎలా తీర్చుకోవాలో ఇంట్లో పెద్దలతో మాట్లాడుకోండి, ముందు పాదాల స్పర్శ పరీక్ష చేయించుకోండి.

అమ్మగారికి బీపీ అన్నారు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు బీపీ పెంచుతాయి, మూత్రపిండాలకీ బరువే. నడిచే రోజు నీళ్ళు తక్కువ తాగి ఆ మాత్ర వేసుకోవడం మరీ చెడ్డది. పైన రాసుకునే జెల్ నయం. నొప్పి చచ్చేలా మాత్ర వేసుకుని మెట్లెక్కితే పాదం ఎక్కడ ఆగమంటోందో తెలియదు.

మెట్ల మీద చీలమండ మడత పడితే వెంటనే నాలుగడుగులు వేయించి చూడండి. నాలుగడుగులు వేయలేకపోతే, లేదా చీలమండకి రెండు పక్కలా ఉండే ఎముక బొడిపెల వెనక అంచున, పాదం బయటి అంచు నడుమన ఉబ్బెత్తు ఎముక మీద, లోపలి అంచున చీలమండకి ముందుండే ఎముక మీద వేలితో నొక్కితే నొప్పి ఉంటే, ఎక్స్‌రే తీయించాలి. అవేవీ లేకపోతే క్రేప్ కట్టు కట్టి, పడుకుని కాలు గుండెకన్నా ఎత్తున పెట్టి, గుడ్డ చుట్టిన ఐసు పావుగంట. కట్టు వేళ్ళ వైపునుంచి పిక్క వైపుకి రావాలి, పైనుంచి కిందికి కడితే పాదం ఉబ్బుతుంది. మర్దన, కాపడం రెండు రోజుల దాకా వద్దు. చీలమండ మెలి తిప్పి సరిచేస్తామనేవాళ్ళ చేతికి మాత్రం ఇవ్వకండి.

ఒక్క పిక్క మాత్రమే ఉబ్బి, వెచ్చగా, నొక్కితే నొప్పిగా ఉంటే అది పాదం సంగతి కాదు, రక్తం గడ్డ కావచ్చు. అదే రోజు ఆస్పత్రికి.

కొర్లగుంట_కుర్రోడు రాసినది:

అందరికీ దండాలు. బొటనవేలితో నొక్కి చూసినాను, లోపలివైపు ముందు అంచునే ఎగిరిపడింది. పక్కలనుంచి పిండితే ఏం లేదు. ఇంట్లోకి చెప్పులు తెచ్చినాం. మంచం దిగకముందు సాగదీత ఐదు రోజులుగా చేస్తా ఉంది, పొద్దుటి నొప్పి పదికి ఏడుండేది ఐదుకి దిగింది. తువ్వాలు పెట్టి మడమ లేపేది మాత్రం రెండు కాళ్ళతో చేసినా ఐదు వస్తా ఉంది, మర్నాడు ఆరు. ఆపేసేదా? మెట్లు సాధన ఎట్ల చేయించల్ల? మా బిల్డింగులో ఒక అంతస్తుకి 20 మెట్లు, నాలుగంతస్తులు.

పిక్కా_పాదం రాసినది:

ఆపకండి, తువ్వాలు తీసేయండి. వేళ్ళు వంచకుండా, మెట్టు అంచున కాకుండా చదును నేల మీద, చెప్పులతోనే రెండు కాళ్ళ మీద మడమలు లేపమనండి. ఎనిమిదిసార్లు, రెండు విడతలు. మర్నాటి లెక్క పెరగకుండా రెండుసార్లు గడిస్తే మెట్టు అంచుకి, ఆ తర్వాతే తువ్వాలుకి. ఐదు రోజుల సాగదీతకి ఏడునుంచి ఐదంటే దారి సరైనదే.

సాధనకి: ఎక్కడం మాత్రమే లెక్క, దిగేది లిఫ్టులో. లిఫ్టు లేకపోతే కమ్మీ పట్టుకుని నెమ్మదిగా. మొదటి వారం రోజు మార్చి రోజు, చెప్పులతో, నాలుగంతస్తులు ఒక్కసారి, అంటే 80 మెట్లు. రెండో వారం రెండుసార్లు, మూడో వారం మూడుసార్లు. మడమలు లేపే రోజు మెట్లు వద్దు, రెండూ ఒకే పట్టీ మీద పడతాయి. నాలుగో వారం నుంచి వారానికి ఒకరోజు పెద్ద విడత పెట్టండి. మొదట 300, తర్వాతి వారం 500, ఆ పై వారం 800, ప్రతి 100కీ ఐదు నిమిషాలు కూర్చుని. ఆ పెద్ద విడతలో చివరి 80 మెట్లు వట్టికాళ్ళతో, ప్లాస్టరు వేసి. వట్టికాలు ఒక్కసారిగా అలవాటు కాదు, దాన్ని కూడా కొంచెం కొంచెంగానే పెంచాలి. చివరి వారం ఏమీ లేదు, సాగదీత మాత్రమే.

ఆరో వారం ఆఖరికి 800 మెట్లు ఎక్కిన మర్నాడు పొద్దుటి లెక్క మూడు, లేదా అంతకన్నా తక్కువ ఉంటే బయల్దేరండి. నాలుగు, అంతకన్నా ఎక్కువ ఉంటే ఇంకో నెలన్నర ఆగడమే. స్వామి ఎక్కడికీ పోడు. ఈలోగా లెక్క వారం వారం పెరుగుతూ పోతే, లేదా మూడు నెలలు ఇవన్నీ చేసినా అక్కడే ఉంటే, టీటీడీ వారి బర్డ్ ఆస్పత్రిలోనో రుయాలోనో ఎముకల విభాగానికి ఎక్స్‌రే, ఆ కేలండరూ రెండూ పట్టుకుని వెళ్ళండి. ఎక్స్‌రే మర్చిపోయినా ఫరవాలేదు గానీ కేలండరు మర్చిపోకండి.

మెట్లదారి_మాట రాసినది:

ఒక్కటి చేర్చాలి. నడిచే రోజు తెల్లవారుజామున బయల్దేరేటప్పుడు హడావుడిలో మంచం దగ్గర సాగదీత మర్చిపోతారు. ఇంటినుంచి అలిపిరికి ఆటోలో కూర్చుని పోతే పట్టీ మళ్ళీ ముడుచుకునే ఉంటుంది. పాదాల మండపం దగ్గర కూర్చుని పదిసార్లు సాగదీసి, అప్పుడు మొదటి మెట్టు ఎక్కించండి. ప్లాస్టరు కూడా ఇంట్లోనే వేసి తీసుకురండి, అక్కడ జనంలో పాదం కడిగి ఆరబెట్టే వీలుండదు. కత్తెర, మిగిలిన చుట్ట మీ జేబులో ఉండాలి.